పార్కులో ఆదరణ కూడిక

ఈ ఫోన్లు మన ప్రాణానికి వచ్చాయండీ. మొన్న సాయంత్రం షుగరు మాత్ర వేసుకుని, బాల్కనీలోకి కుర్చీ లాక్కుని కూర్చున్నానో లేదో, అడక్కుండానే నా ఫోను ఒక పాత ఫోటో పైకి తెచ్చి, దాని చుట్టూ పూలు పెట్టి, వెనకాల సంగీతం కూడా వాయించి, ఈ రోజు జ్ఞాపకం చూసుకోమంది. ఢిల్లీలో మా వసంత్ కుంజ్ ఫ్లాట్ల మధ్య ఉన్న పార్కు అది. కరోనా రెండోసారి వచ్చి, ఇంటికొకరిని పట్టుకుపోయి, కాస్త తగ్గి, పార్కుల తాళాలు తీసిన కొత్తల్లో, ఇదే బాల్కనీలోంచి నేనే తీసిన ఫోటో. ఆ ఫోటో గురించి ఒక మనిషికి నేను ఒక మాట చెప్పాల్సి ఉండింది. పెద్ద మాట కూడా కాదు, అక్కా, ఆ ఫోటో తీసింది నేనే, అంతే. మూడేళ్ళు వారం వారం ఆవిడ ఇంటికి వెళ్ళీ చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుదామంటే ఆవిడ లేదు.

నేను ఢిల్లీ వచ్చింది నర్సు ఉద్యోగానికి. తెనాలి పక్క పల్లెటూరి పిల్లని, రెండు రాత్రులు రైల్లో కూర్చుని, ట్రంకుపెట్టెతో ఆసుపత్రి హాస్టల్లో దిగాను. మన కాలంలో ఉద్యోగానికి దూరం వచ్చిన ఆడపిల్లల సంగతి మీకు తెలియంది కాదు, ఉత్తరం వెళ్ళడానికి వారం, జవాబు రావడానికి మరో వారం, ఈలోగా కళ్ళు వాచేలా ఏడుపు. ఆ హాస్టల్లో నాకంటే ఆరేళ్ళ ముందు వచ్చిన అక్క ఒకావిడ ఉండేది. రక్తసంబంధం ఏమీ లేదు, ఆవిడది బందరు. మొదటి రోజే నా ట్రంకుపెట్టె తెరిచి, ఒక్క స్వెట్టరూ లేకపోవడం చూసి, ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది, అని తిట్టి, తన శాలువా నా భుజాల మీద కప్పింది. ఆ తిట్టుతో నేను చెల్లెల్నయిపోయాను. బస్సులో కండక్టరుతో మాట్లాడ్డానికి నాలుగు హిందీ ముక్కలు, వార్డులో డాక్టర్లు అరిస్తే మొహం ఎలా పెట్టుకోవాలో, అన్నీ ఆవిడే నేర్పింది.

చలికాలం ఆదివారాలు చర్చి అయిపోగానే మేం తెలుగు పిల్లలం ఏడెనిమిది మందిమి ఆసుపత్రి ఎదుటి పార్కుకి వెళ్ళేవాళ్ళం. ఢిల్లీ ఎండ విలువ ఢిల్లీ చలి తిన్నవాళ్ళకే తెలుస్తుంది. దుప్పటి పరుచుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, కమలాపళ్ళ తొక్కలు ఒకళ్ళ కళ్ళల్లోకి ఒకళ్ళం పిండుకుంటూ, సూర్యుడు చెట్ల వెనక్కి దిగేదాకా ఊరి కబుర్లే. అక్క దగ్గర ఒక పాత కెమెరా ఉండేది. వంతులవారీగా ఒకళ్ళం లేచి తీసేవాళ్ళం. ఫోటోలు కడిగించి తెచ్చాక అక్క ఒక పని తప్పనిసరిగా చేసేది, ఒక్కొక్క ఫోటో తిప్పి, వెనకవైపు ఎడమ నించి కుడికి అందరి పేర్లూ వరసగా రాసి, చివర ఫోటో తీసింది ఎవరో కూడా రాసేది. అదెందుకక్కా అని నేను నవ్వితే, తీసిన పిల్ల బొమ్మలో పడదు కదే, రేపు దాన్ని మర్చిపోతారు, అది కూడా మనతో ఉన్నట్టే కదా, అనేది.

నేను వచ్చిన రెండో ఏడు మా నాన్న పోయాడు. టెలిగ్రాం నా చేతికి వచ్చేసరికే అక్కడ సమాధి కూడా అయిపోయింది. మా క్రైస్తవుల్లో మనిషి పోయిన మూడో రోజునో అయిదో రోజునో ఆదరణ కూడిక అని పెడతారు. అందరూ తెల్లబట్టలు కట్టుకుని వస్తారు, పాట పాడి, వాక్యం చదివి, ఒక్కొక్కరే వచ్చి పోగొట్టుకున్న మనిషి చెయ్యి పట్టుకుని ఓదార్పు మాట చెబుతారు. అది జరిగేదాకా మనిషి గుండె ఎక్కడో వేలాడుతూనే ఉంటుంది. హాస్టల్లో పెట్టుకుందామంటే నైటు డ్యూటీ పిల్లలు నిద్రపోతున్నారు, పాటలు కుదరవు పొమ్మంది మేట్రన్. అక్క మంచం మీది దుప్పటి లాగి చంకలో పెట్టుకుని, మమ్మల్నందర్నీ పార్కుకి నడిపించింది. మాకు తెల్లచీరలు వేరే ఎందుకు, యూనిఫారాలే తెలుపు. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, ఏడ్చే మనిషి పక్కన చోటు ఖాళీగా ఉండకూడదే, అంది. మేం పాట ఎత్తుకోగానే చౌకీదారు కర్ర ఊపుకుంటూ వచ్చాడు, ఇక్కడ గుంపులు కూడకూడదని. అక్క లేవకుండానే, భయ్యా, ఇస్‌కా బాప్ మర్ గయా, దీని తండ్రి పోయాడు, అంది, అంతే. ఆ మనిషి తలకి చుట్టుకున్న గుడ్డ తీసేసి, కర్ర కింద పెట్టి, మా ప్రార్థన అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. ఏ భాష అర్థమయ్యి నిలబడ్డాడో! మా నాన్న కోసం నేను కడుపారా ఏడ్చింది ఆ గడ్డి మీదే.

తర్వాత పెళ్ళిళ్ళు, పిల్లలు, డ్యూటీలు. అక్క భర్త, అంటే నాకు బావగారు, సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మా అదృష్టం కొద్దీ రెండు కుటుంబాలకీ వసంత్ కుంజ్‌లోనే ఇళ్ళు కుదిరాయి, పక్క పక్క పాకెట్లలో, ఇక్కడ ఫ్లాట్ల బ్లాకుల్ని పాకెట్లంటారు లెండి. నేను రిటైరయినా సిస్టరమ్మని సిస్టరమ్మగానే ఉండిపోయాను. మా పాకెట్లో ఎవరికి జ్వరమొచ్చినా, సిస్టర్‌జీ, జరా దేఖ్ లీజియే, అని మా తలుపే తట్టేవారు. నా నోరు కూడా అలాంటిదే లెండి, ముప్ఫై మంచాల వార్డుని మాటతో నడిపించిన నోరు, ఇంట్లో ఊరుకుంటుందా!

రెండోసారి కరోనా వచ్చినప్పుడు రోజంతా ఫోనులోనే ఉన్నాను. ఆక్సిజన్ ఎంతుంది, బోర్లా పడుకోబెట్టండి, మంచినీళ్ళు తాగించండి, ఇవే మాటలు. పొద్దున మాట్లాడిన మనిషి మధ్యాహ్నానికి లేడనే కబురు వచ్చేది. ఆ వరసలోనే బావగారు కూడా వెళ్ళిపోయారు. అక్క అప్పటికి జ్వరంతో గదిలో ఒంటరిగా ఉంది, ఆఖరి చూపు కూడా దక్కలేదు. నా ఒంట్లో షుగరుందని మా వారు నన్ను గడప దాటనివ్వలేదు, నేనూ భయపడ్డాను, ఉన్న మాట చెప్పుకుంటే పోయేదేముంది. ఆదరణ కూడిక ఫోనులో పెట్టారు. పాస్టరుగారు వాక్యం మొదలుపెట్టగానే అక్క ఇంట్లో నెట్టు ఆగిపోయి, ఆవిడ మొహం నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే తెర మీద బిగుసుకుపోయింది. మేం పాట ముగించేదాకా అలాగే ఉంది. తర్వాత నాకు ఫోను చేసి, ఇది కూడికేమిటే, గోడకి చెప్పుకున్నట్టుంది, అంది.

మరో నెలకి పార్కులు తెరిచారు. జనం తొక్కిడి చూడాలి! కట్టు తెంచుకున్న దూడల్లా పిల్లలు, క్రికెట్టు, ఐస్‌క్రీం బండి, మాస్కులు గడ్డాల కింద. టీవీ పెడితే అదే, ఇదిగో ఈ పార్కులో గుంపులు, అదిగో ఆ పార్కులో గుంపులు, వీళ్ళకి బుద్ధి రాదా అని ఒకటే కేకలు. మా పాకెట్ వాట్సాప్ గ్రూపు సంగతి చెప్పనక్కర్లేదు. గేటుకి మళ్ళీ తాళం వెయ్యమని కొందరు, పిల్లలు పిచ్చెక్కిపోతున్నారు వదిలెయ్యమని కొందరు, మూడో దఫా వస్తే మీదే పాపమని ఇంకొందరు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నా చేతుల్లోంచి జారిపోయిన వాళ్ళంతా కళ్ళ ముందు మెదులుతుంటే కింద ఆ నవ్వులు వినలేకపోయాను.

ఆ సాయంత్రం బాల్కనీలోంచి చూస్తే, వేపచెట్టు పక్కన దరీ, అదే మన జంపఖానా, పరిచి పది పన్నెండు మంది ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని కూర్చున్నారు. నా కంట్లో అప్పటికి శుక్లాలు, వాళ్ళకేమో మాస్కులు. అయినా తెల్లచీరలు కనపడుతూనే ఉన్నాయి, ఆలోచిస్తే తట్టేదే. నేను మొహాలు చూడలేదు, తలలు లెక్కపెట్టాను. వార్డు అలవాటు. ఫోటో తీసి, ఇంతమంది చచ్చినా పిక్నిక్కులు మానరా, గార్డు ఏం చేస్తున్నాడు, అని గ్రూపులో పెట్టాను. ఎందుకే నీకు, అన్నారు మా వారు పేపర్లోంచి తలెత్తకుండానే. సిస్టర్‌జీ చెప్పిందంటే మాటలా, నిమిషంలో ముప్ఫై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. గార్డు ఈల వేసుకుంటూ వెళ్ళాడు. వాళ్ళు లేచి దరీ మడతపెట్టుకోవడం, ఒకావిడని ఇద్దరు రెక్కలు పట్టుకుని లేపడం చూశాను. చూసి, తృప్తిగా లోపలికి వెళ్ళి టీ పెట్టుకున్నాను. ఆ టీ రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది.

మర్నాడు పొద్దున్నే పాస్టరమ్మగారు ఫోను చేసి ఏడ్చింది. అక్క అన్నం ముట్టడం మానేసిందట, నలుగురం ఒక్కసారి పక్కన కూర్చుంటే తేరుకుంటుందని, ఇళ్ళల్లో కుదరక, ధైర్యం చేసి పార్కులో బావగారి ఆదరణ కూడిక పెట్టారట. పాట అవుతూ ఉండగానే ఎవరో ఫిర్యాదు చేస్తే గార్డు లేపేశాడట, ఒక్కరు కూడా ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్క మాట చెప్పలేకపోయారట. మరి నాకెందుకు చెప్పలేదండీ అని అడిగాను. నువ్వు తిడతావని భయపడ్డాం సిస్టరమ్మా, అక్క మాత్రం అది వస్తుంది చూడండని నీకోసం చూస్తూనే ఉంది, అంది. నేను ఫోను పెట్టేశాను. మా నాన్నకి ఆవిడ పార్కులో కూడిక పెట్టించింది. ఆవిడ మొగుడి కూడికని నేను పార్కులోంచి వెళ్ళగొట్టించాను.

రెండు వారాల తర్వాత అక్కే ఫోను చేసింది. ఆ రోజు పార్కులో మేం కూర్చున్న ఫోటో మీ పాకెట్ గ్రూపులో వచ్చిందటగా, నాకు పంపించవే, బావగారి కూడికకి వేరే గుర్తంటూ ఏదీ లేదు, అంది. ఎవరో పెట్టారక్కా, వెతికి పంపిస్తాను, అన్నాను. అన్నానండీ, అంత అబద్ధం నోరారా ఆడాను. ఆవిడ దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, బావగారి ఫోటో పక్కనే తగిలించింది. అప్పటి నించీ వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ఆ గోడకి వీపు పెట్టి కూర్చోవడం నాకు అలవాటయింది. ఎన్నిసార్లో మాట నోటిదాకా వచ్చింది. అక్కా, ఆ రోజు, అని నేను ఎత్తుకోగానే, టీ చల్లారిపోతోంది తాగవే, అనేది. లేదా నా షుగరెంతుందో అడిగేది. సరే, వచ్చే వారం చెబుదాంలే అని లేచి వచ్చేదాన్ని.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం, నిద్రలోనే, అక్క వెళ్ళిపోయింది. ఆవిడ ఆదరణ కూడిక ఎంత బాగా జరిగిందనీ! చర్చి హాలు నిండిపోయింది, మైకు, కుర్చీలు, భోజనాలు, ఘాజియాబాద్ నించీ ఫరీదాబాద్ నించీ కూడా మనవాళ్ళు వచ్చారు. వాళ్ళ అమ్మాయి పక్కన చోటు ఖాళీగా ఉంటే నేనే వెళ్ళి కూర్చున్నాను. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ పిల్ల ఆ ఫ్రేము నా చేతిలో పెట్టి, ఆంటీ, యే ఆప్‌కే లియే, మమ్మీ నే బోలా థా, అంది, ఇది నాకిమ్మని వాళ్ళమ్మ చెప్పిందట. తెచ్చి, పాత చీరలో చుట్టి, మంచం కిందకి తోసేశాను.

మొన్న ఫోను ఆ ఫోటో చూపించాక ఇక ఉండబట్టలేక దాన్ని బయటికి లాగాను. అద్దం మీద బూజు తుడిచి, శుక్లాలు తీయించుకున్న కళ్ళతో మొదటిసారి సరిగ్గా చూశాను. అందరూ దగ్గర దగ్గరగా కూర్చున్నారు, ఒక్క అక్క పక్కనే ఒక మనిషి పట్టేంత దరీ ఖాళీగా ఉంది. ఫ్రేము వెనక అట్ట మేకులు వదులై ఊగుతుంటే సరిచేద్దామని తిప్పాను. అట్ట జారి, ఫోటో వెనకవైపు కనిపించింది. అక్క చేతిరాత, కాస్త వణికింది గాని అదే గుండ్రటి రాత. ఎడమ నించి కుడికి, పాస్టరమ్మగారి దగ్గర మొదలుపెట్టి అందరూ వరసగా ఉన్నారు. తన పేరు దగ్గర, నా పక్కన ఖాళీ చోటు చెల్లిది, అని ఉంది. అన్నిటికన్నా కింద, ఫోటో తీసింది, మా చెల్లి, అని రాసి ఉంది.

తెలుసునన్నమాట. గ్రూపులో పెట్టింది సిస్టర్‌జీ అని అప్పుడే ఎవరో చెప్పి ఉంటారు. ఫోటో అడిగిన రోజునే తెలుసు, టీ చల్లారిపోతోందన్న ప్రతిసారీ తెలుసు. తెలిసి, ఒక్క మాట అనకుండా, నన్ను కూడా ఆ కూడికలో కూర్చున్న వాళ్ళ వరసలో రాసుకుని వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టినా నాకింత కష్టంగా ఉండేది కాదు.

నిన్న ఆదివారం కింద పార్కులో ఇసకేస్తే రాలనంత జనం. ఇప్పుడెవరూ ఏమీ అనరు, ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టేవారూ లేరు, అప్పుడు అంతలేసి మాటలనుకున్న సంగతే జనం మర్చిపోయారు. పిల్లలు మాత్రం గడ్డి మీద కూర్చుని తమ ఫోటోలు తామే చెయ్యి చాపి తీసుకుంటున్నారు, తీసేది ఎవరన్న ప్రశ్నే లేదు. ఈ ఫోటోలకి వెనకవైపు అంటూ ఉండదు, రాసేవాళ్ళూ లేరు. నేను మెట్లు దిగి, వేపచెట్టు పక్కన, ఆ దరీ పరిచిన చోట కాసేపు కూర్చున్నాను. అక్కా, ఆ ఫోటో తీసింది నేనే, అని పైకే అన్నాను. పక్కన చోటు ఖాళీగానే ఉంది.