సిస్టర్‌కి రాని తెలుగు

ఎవరైనా దెయ్యాల మాటెత్తితే అక్కణ్నుంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. బీఎస్సీ చదివాను. మా అత్తగారు గుమ్మానికి నిమ్మకాయలు కడుతుంటే లోలోపల నవ్వుకునేదాన్ని. అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది. కానీ పాప పడుకున్నాక రోజూ ఇదే గుర్తొస్తోంది.

మా ఇల్లు భిలాయిలో, క్యాంప్ 2 బస్తీలో. పాపకి రెండో విడత టీకా కోసం క్యాంప్ 1లోని చిన్న ఆరోగ్య కేంద్రానికి మావారి స్కూటర్ మీద వెళ్ళాం. అక్కడ ఉండేది ఒక్కరే సిస్టర్. ఛత్తీస్‌గఢీ ఆవిడ. నాతో హిందీలోనే మాట్లాడింది. సిరంజిలు ఉడికించే పెట్టె మూత తను తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. మందు సీసా మీద గడువు పైకి చదివి గాని సూదిలోకి ఎక్కించదు.

టీకా అయ్యాక తల్లీబిడ్డా అరగంట అక్కడే బెంచీ మీద కూర్చోవాలట. అది నాకు తెలియదు. మొదటి టీకా వేరే ఆసుపత్రిలో వేయించాం.

ఆ రోజు జనం ఎక్కువ. సిస్టర్ సూది వేసి, దూది నొక్కి పట్టుకోమని నాకు చూపించి, వెంటనే ఇంకో బిడ్డ వైపు తిరిగింది. బయట మావారు హారన్ కొడుతున్నారు. ఆయనకి ఫ్యాక్టరీలో బి షిఫ్ట్, మధ్యాహ్నం డ్యూటీ.

"ఏటే, టీకా ఏయిస్తన్నావా, పిల్లకి పెళ్ళి చేస్తన్నావా? హూటర్ కొట్టేస్తది, బేగి రా!"

పాపని భుజాన వేసుకుని గుమ్మం దాటబోయాను. సిస్టర్ తల తిప్పి నా వైపు చూసింది.

"ఓలమ్మా, ఎక్కడికెల్తావు? పిల్లని ఒళ్ళో ఎట్టుకుని కాసేపు కూకో."

అచ్చం మా అత్తగారి శ్రీకాకుళం యాస. సిస్టర్ పెదవులు కదలడం నేను చూశాను. అత్తగారు గదిమితే కూర్చున్నట్టే బెంచీ మీద కూర్చుండిపోయాను.

కాసేపటికి పాప ఏడుపు ఆగింది. నిద్రపోయిందనుకున్నాను. ఇంతలో మెడ వాలిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. నేను అరిచాను. సిస్టర్ ఒక్క ఉదుటున వచ్చి పాపని లాక్కుని, ట్రేలో సిద్ధంగా పెట్టుకున్న మందు తొడకి ఎక్కించింది. డాక్టరుగారు పరుగెత్తుకొచ్చారు. మళ్ళీ పాప ఏడ్చేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో నాకే తెలియదు.

అదే గనక స్కూటర్ మీద, పవర్ హౌస్ బజారు రద్దీలో, నా కొంగు కింద జరిగి ఉంటే? పాప నిద్రపోతోందనే అనుకుని ఇంటికి వెళ్ళేదాన్ని.

పాప కోలుకున్నాక సిస్టర్‌కి కృతజ్ఞత చెప్పుకుందామని వెళ్ళాను. మీరు తెలుగులో కూర్చోమని చెప్పకపోతే నా బిడ్డ దక్కేది కాదన్నాను. ఆవిడ నవ్వలేదు.

"నేను చెప్పలేదు, బహన్" అంది హిందీలో. "చెప్పడం నా డ్యూటీ. రద్దీలో పడి మరిచిపోయాను. ఆ సాయంత్రమే డాక్టర్ సాబ్ దగ్గర ఒప్పుకున్నాను. తెలుగు నాకు ఒక్క ముక్క రాదు."

అవునని ఊరుకుంటే మంచిపేరు ఆవిడకే దక్కేది. తన తప్పు తనే చెప్పుకున్న మనిషిని నమ్మకుండా ఎలా ఉండగలను?

"భిలాయిలో ఉండి తెలుగు రాదంటే నమ్మేస్తావేటి, పగ్లీ!" అన్నారు మావారు.

"మన యాసలో మాటాడితే దెయ్యమెందుకవుద్దే? మనోళ్ళే ఎవరో!" అన్నారు అత్తగారు.

ఆ రోజు బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఛత్తీస్‌గఢీ ఆవిడ బజార్లో కనబడితే పట్టుకుని అడిగాను. సిస్టర్ నాతో ఏదో అనడం తనూ విందట. అది హిందీ కాదు, తమ భాషా కాదంది.

ఆ సంగతి వెళ్ళి సిస్టర్‌కి చెప్పాను. చేతిలో ట్రే కింద పెట్టేసింది.

"నా నోరు కదలడం నువ్వు నిజంగా చూశావా?"

చూశానన్నాను. అయితే ఆ మాట మళ్ళీ అనమంది. అన్నాను. తనూ పలకబోయింది. మొదటి మాట దగ్గరే నాలుక తిరగలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఆవిడ కళ్ళలో నాకంటే ఎక్కువ భయం కనబడింది.

పొరబడింది నేనో, ఆవిడో. ఇంకేదైనా ఉందంటే దాన్ని ఏమనాలో నాకు తెలియదు. పాప నా పక్కనే పడుకుంది. ఈ వాక్యం రాసే ముందు కూడా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.