చిన్న లివర్ బొట్టు

భన్‌పురిలో జీపు నడిపే చిన్నారావుకి మొండితనం ఎక్కువ. నాలుగు చక్రాలనూ తిప్పే చిన్న లివర్‌ను బండి ఆపితే తప్ప వేయడు. నడుస్తుండగా వేస్తే గేర్లు నుగ్గవుతాయని అతని వాదన. దసరాకి దానికి పెట్టిన కుంకుమబొట్టు చెయ్యి పడక అలాగే ఉంది.

దసరా అయిన వారమే మందిర్ హసౌద్ ఊరి దగ్గర వాన కుమ్మేసింది. పొలం బాటలో జీపు వెనక చక్రాలు జారసాగాయి.

"ఆపకండి! ఆపితే దిగబడిపోతాం! జల్దీ లివర్ లాగండి!" అని పక్క సీట్లోంచి అరిచింది భార్య గంగాభవాని.

"గేర్లు పోతాయే!"

"బండే పోయేలా ఉంది!"

చిన్నారావు స్టీరింగ్ సూటిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, లివర్ లాగేశాడు. టక్కుమంది, అంతే! ముందు చక్రాలూ బురదను కరిచాయి. జీపు ఊగుతూ గట్టెక్కింది.

చిన్నారావు ఎర్రటి అరచెయ్యి చూపించి, "చూడవే భవానీ, బొట్టంతా నా చేతికే!" అని కేకేశాడు. వెంటనే ఇంకోసారి చూద్దామని జీపును మళ్ళీ బురదవైపే తిప్పాడు.