ఫ్లడ్ నేర్చుకున్న వారం

నాకు ఇంగ్లీషు మీద ప్రేమేమీ లేదు. ప్రేమంతా కుర్చీ మీదే.

నాచారంలో సీసాల మూతలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ నాది. పన్నెండేళ్ళుగా నిలబడే పని. మోకాళ్ళు పూర్తిగా పోయాయి. దవాఖానాలో డాక్టరమ్మ “నిలబడే పని మానెయ్యమ్మా” అని ఎంతో తేలిగ్గా చెప్పేసింది, మానేస్తే నెలనెలా బియ్యం తనే పంపుతుందన్నట్టు. అంతలో మా ఆఫీసులో ఫోన్లు మాట్లాడే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఆమె కూర్చునే కుర్చీ, మెత్తటిది, గిర్రున తిరిగేది, ఖాళీ అయింది.

మేనేజర్ సారు లంచ్ టైములో వచ్చారు. “వచ్చే శనివారం టెస్ట్ పెడ్త. చెన్నై పార్టీతోని ఇంగ్లీషుల మాట్లాడెటోళ్ళు మీలో ఎవరన్న ఉంటే సరే. లేకుంటే బయటికెళ్ళి మనిషిని తెస్త” అన్నారు. పార్టీ అంటే మా సరుకు కొనే ఆయన. ఆయనకు తెలుగు రాదు, హిందీ రాదు. నాకు ఇంగ్లీషు రాదు. సరిపోయింది.

ఆ కుర్చీ మీద ఆశతో అప్పటికే నెల రోజులుగా ఏఎస్ రావు నగర్‌లో ఒక బేకరీ పైన స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు పోతున్నాను. కింద నుంచి కర్రీ పఫ్‌ల వాసన వస్తుంటే ఎవరికి మాత్రం వ్యాకరణం ఎక్కుతుంది? మా టీచరు నా చెల్లెలి కూతురంత పిల్ల. వారానికి ఒకే మాట ఇస్తుంది. ఆ మాటను నిజంగా జరిగినదానికి ఒకసారి, ఊరికే గొప్పగా చెప్పడానికి ఒకసారి, రోజంతా వాడుతూనే ఉండాలి. ఆ వారం నాకు ఫ్లడ్ ఇచ్చింది.

“నీళ్ళొస్తే ఒక ఫ్లడ్ ఆంటీ. నీళ్ళు లేకున్నా ఒక్కసారే కుప్పలుకుప్పలు వచ్చి మీద పడేటివన్నీ ఇంకో ఫ్లడ్. ఫోన్లు, చుట్టాలు, ఏడుపు, ఏదన్న సరే” అంది.

ఇక చూడండి నా వైభోగం! ఇంట్లో దోమల ఫ్లడ్. మా ఆయన సెల్లులో గుడ్ మార్నింగ్ ఫొటోల ఫ్లడ్. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం జనాల ఫ్లడ్. ఆదివారం ఆడపడుచు పిల్లలతో దిగితే గుమ్మంలోనే “వెల్‌కమ్ ఫ్లడ్” అనేశాను. ఆమె ఏమనుకుందో ఏమో, మురిసిపోయింది. అసలు నీళ్ళ ఫ్లడ్డే దొరకలేదు. వాన చుక్క లేదు. మంగళవారం పొద్దున ట్యాంకు నిండి మేడ మీంచి నీళ్ళు కారుతుంటే మోటరు ఆపకుండా “ఫ్లడ్! ఫ్లడ్!” అని సంతోషంతో గెంతాను. మా అత్తమ్మ నెత్తి కొట్టుకుంది.

“ఓ పిల్లా, వానే పడలె, నీ ఫ్లడ్డుతోని ఇల్లంత మునుగుతున్నది గదనే!”

శుక్రవారం పదకొండు గంటలకు వాన మొదలైంది. అట్లాంటిట్లాంటి వాన కాదు. గంటలో పక్కనున్న మురుగు నాలా పొంగి, గోడ కింది సందులోంచి నీళ్ళు గోదాములోకి వచ్చేశాయి. ఆ మధ్యాహ్నం లారీ ఎక్కాల్సిన చెన్నై సరుకంతా కిందే ఉంది. మేనేజర్ సారేమో ఉప్పల్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. మేం పదకొండుమందిమి చీరలు ఎగ్గట్టి, వరసగా నిలబడి, బాక్సులు ఒకరి చేతిలోంచి ఒకరికి అందిస్తూ ప్యాకింగ్ బల్లల మీదికి ఎక్కిస్తున్నాం. పైన ఆఫీసు సెల్‌ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఎవరూ ముట్టుకోరు. చివరికి నాకే ఒళ్ళు మండి, వెళ్ళి ఎత్తాను.

“వేర్ ఈజ్ మై లారీ?” చెన్నై పార్టీ.

పై ప్రాణాలు పైనే పోయాయి. నెల రోజుల చదువులో గుర్తొచ్చింది ఒక్కటే. “సార్, ఫ్లడ్!” అన్నాను.

ఆయన కస్సుమన్నాడు. పోయిన నెల మీ సారు మెసేజ్‌లో ఫ్లడ్ ఆఫ్ ఆర్డర్స్ అన్నారు, అంతకు ముందు ఫ్లడ్ ఆఫ్ వర్క్ అన్నారు, ఇప్పుడు ఏ ఫ్లడ్ అని అడిగాడు. అప్పుడర్థమైంది. సరుకు ఆలస్యమైనప్పుడల్లా మా సారు ఆ మాటే రాసి తప్పించుకుంటున్నారన్నమాట! ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. అప్పటిదాకా బురదలో నిలబడి వచ్చిన నేను అబద్ధం ఆడుతున్నానా?

“నో సార్! దట్ ఫ్లడ్ ఓన్లీ టాకింగ్. దిస్ ఫ్లడ్ వాటర్! మై లెగ్స్ ఇన్‌సైడ్!”

అయితే తడవని బాక్సులు ఎన్నో ఇప్పుడే, ఈ ఫోన్లోనే చెప్పు, లేకపోతే ఆర్డర్ క్యాన్సిల్ అన్నాడు. ఆ ఆర్డర్ పోతే, అది పోగొట్టిన నన్ను ఏ మేనేజరు కుర్చీలో కూర్చోబెడతాడు? ఫోన్ పట్టుకుని గోదాములోకి పరుగెత్తాను.

అక్కడ లెక్క పెడుతున్నది మా సెక్షన్‌లో అందరికన్నా పెద్దది, మేమంతా పెద్దక్క అని పిలిచే ఆమె. నాచారం పాత ఊరి మనిషి, ఒకప్పుడు ఇంటినిండా వడ్లు కొలిచిన చెయ్యి. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు కదా, లాభం అంటారు. ఆమెను చూసి మా సెక్షనంతా బాక్సుల్ని కూడా అలాగే లెక్కపెడతాం. పదింటికొకసారి మళ్ళీ లాభమే.

“లాభం!” అని పెద్దక్క అరిచింది.

“ప్రాఫిట్!” అని నేను ఫోన్లో అరిచాను.

“రెండు!”

“టూ!”

“వాట్ ప్రాఫిట్?” అన్నాడాయన బిత్తరపోయి. నా సరుకు మునుగుతుంటే నీకు లాభమేమిటని.

“ఫస్ట్ బాక్స్ సార్! వన్ నో సేయింగ్! ప్రాఫిట్ సేయింగ్!” నా మాటలు నాకే అర్థం కాలేదు. పక్కవాళ్ళు బాక్సులు పట్టుకునే కిసకిసా నవ్వడం మొదలుపెట్టారు. ఇక చేసేదేం లేక ఫోన్ పెద్దక్క నోటి దగ్గర పెట్టాను.

“లాభం... రెండు... మూడు...”

ఫోన్లోంచి ఒక వింత శబ్దం. ఆయన నవ్వుతున్నాడు! “లాబం, రెండు, మూణు! మై గ్రాండ్‌ఫాదర్! ప్యాడీ! సేమ్, సేమ్!” అని అరిచాడు. వాళ్ళ తాతా వడ్లు ఇలాగే కొలిచేవాడట. ఆ తర్వాత అటు ఆయన, ఇటు పెద్దక్క, మధ్యలో మేమందరం గొంతు కలిపి లెక్కపెట్టాం. అరవై రెండు పొడివి. అవి రేపు పంపండి, మిగతావి వచ్చే వారం అన్నాడు. మోకాలిలోతు నీళ్ళలో పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

శనివారం మేనేజర్ సారు పిలిచారు. “ఆఫీస్ ఫోన్ ముట్టుకోమని నీకెవరు చెప్పిన్రు?” అన్నారు. కాసేపు నా మొహం చూసి, ఆయనే నవ్వేశారు. “పార్టీ నాతోని మాట్లాడనంటుండు. ప్రాఫిట్ మేడమ్‌కి ఇయ్యి అంటుండు. ఇగ టెస్ట్ ఏంది, పో, కూసో.”

సోమవారం కూర్చున్నాను. టీ టైముకు ప్యాకింగ్ సెక్షనంతా ఆఫీసులోకి వచ్చిపడింది. ఒక్కొక్కరూ ఆ కుర్చీలో కూర్చుని, గిర్రున ఒక చుట్టు తిరిగి, కేరింతలు కొట్టి దిగారు. ఆఖరున పెద్దక్క వంతు. ఫ్యాక్టరీ తెరిచిననాటి నుంచి నిలబడి ఉన్న మనిషి. ఆమె తిరగలేదు, నవ్వలేదు. వెనక్కి వాలి, కాళ్ళు చాపి, కళ్ళు మూసుకుంది.

“జర ఆగు బిడ్డా. గిప్పుడే లేస్త” అంది.

టీ టైము అయిపోయింది. అందరూ వెళ్ళిపోయారు. ఫోన్ మోగింది. నేను నిలబడే ఎత్తాను.