సెల్లుల శాంతయ్య

గద్వాలలో ఉత్త శాంతయ్య ఎవరికీ తెలియడు. సెల్లుల శాంతయ్య అంటే మాత్రం ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఇంట్లో కరెంటు ఉండి కూడా ఆ చీరలు నేసే మనిషికి తీగె పనికిరాదు, ఏదైనా బ్యాటరీ సెల్లుల మీదే నడవాలి. విసనకర్రకు మోటారు, పిండి జల్లెడకు మోటారు, తన తలకే పట్టని టోపీకి ఫ్యాను! భార్య రుక్కమ్మ నెత్తి కొట్టుకోని రోజు లేదు.

డాబా మీద ఒక పక్క వడియాలు, ఇంకో పక్క అయిపోయిన సెల్లులు. ఎండ తగిలితే వాటికి మళ్లీ ప్రాణం వస్తుందని ఆయన నమ్మకం. వడియాలు తిప్పబోయిన రుక్కమ్మ వాటిని కూడా తిప్పి రావాలి.

"ఏందయ్యా, రేడియో పలుకుత లేదు?"

"దాని సెల్లులు గడియారంల ఉన్నయ్."

"గడియారం సుత ఆగింది గద!"

"దానియి జల్లెడల ఉన్నయ్."

"నా ఖర్మ!" అంది రుక్కమ్మ.

ఒక చలికాలం ఆమెకోసం చేతుల్లేని కోటులాంటి వెచ్చటి బండీ కుట్టాడు. లోపల మిగిలిన జరీపోగులు పరిచాడు. జరీలో వెండి ఉంది, వెండిలో కరెంటు పారుతుంది. నేతగాడికి తప్ప ఈ ఆలోచన ఎవరికి వస్తుంది! ముందు తనే తొడుక్కుని సెల్లులు తగిలించాడు. వెచ్చబడింది. ఇంకా వెచ్చబడింది. పొగ వచ్చింది. శాంతయ్య బండీతో సహా నీళ్ల గోలెంలో దూకాడు.

"అయ్యో, అది నేను తొడుక్కుంటే ఏమయ్యేది?"

"అందుకే గద ముందు నేను తొడిగింది!"

ఆ ఏడే రుక్కమ్మ మణికట్లు వాచాయి. రాట్నం తిప్పలేకపోయింది. నూలు కండెలు చుట్టేవాళ్లు లేక మగ్గం ఆగింది, చీర సగంలో నిలిచింది. నేత పని ఇచ్చే రాజమౌళి సేఠ్ కరెంటు రాట్నం పంపి, దానితోనైనా చీర కానియ్యకపోతే పని వేరే ఇంటికి ఇస్తానన్నాడు.

"ఆ తీగెది మనకొద్దు," అన్నాడు శాంతయ్య.

రుక్కమ్మకు ఏడుపొచ్చింది. "నా చేతులు పాయె, మగ్గం పండుకున్నది. ఇంక తినేదేంది? నీ సెల్లులా?"

విసురుగా వెళ్లి కరెంటు రాట్నం ముందు కూర్చుంది. స్విచ్చి దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు టేబుల్ ఫ్యాను షాకు కొట్టి ఆమెను గోడకు విసిరేసింది. అప్పటినుంచీ స్విచ్చి ముట్టలేదు. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఇక మగ్గం పోయినట్టే అనుకుని కళ్లు మూసుకుంది.

శాంతయ్య ఆమె పాత రాట్నమే తెచ్చి పక్కన పెట్టాడు. దానికి టేప్‌రికార్డరు మోటారు బిగించి ఉంది.

"దీనికి స్విచ్చి లేదు. సెల్లు పెడితె తిరుగుతది, తీస్తె ఆగుతది."

"నీకెట్ల తెలుసు?"

"ఫ్యాను ఎయ్యమంటె చేతికి పిండున్నదంటివి. పిండి జల్లెడకు మోటారు పెట్టిస్తి. ఇంకోనాడు ఎయ్యమంటె చేతికి పేడున్నదంటివి. గప్పుడు సమజైంది."

"ఇన్నేండ్లు ఒక్క మాటన్న అనకపోతివి!"

"నువ్వు దాచుకున్నది నేనెట్ల బయట పెడ్త?"

ఆయన తలమీద బిగుసుకుని కూర్చున్న టోపీని రుక్కమ్మ అప్పుడు సరిగ్గా చూసింది. అది తన తల కొలత. తనకు వద్దని విసిరికొడితే, పారేయలేక ఆయన పెట్టుకు తిరుగుతున్నాడు.

రాట్నం గుర్రుమని తిరిగింది. కండె నిండుతుండగా నీరసించి ఆగింది. రుక్కమ్మ లేచి టోపీలోని సెల్లులు ఊడబీకి రాట్నంలో పెట్టుకుంది.

"ఏమే, నాకు చెమట పోస్తది!"

"పోయనీ. ఎండ బాగున్నది, డాబా మీదికి పోయి సెల్లులు తిప్పు. వడియాలు సుత!"