ఊపిరి తగలని రంగు

సక్కుబాయి పనిలో ఉన్నప్పుడు ఆమెను పలకరించడం దండగని గౌలిపుర గల్లీలో అందరికీ తెలుసు. మందపాటి కార్డును తడిగుడ్డతో తుడిచి, పొట్లంలోని నీటిరంగు పొడిని రెండు వేళ్లతో చిటికెడు తీసి, ఊపిరి బిగబట్టి పైనుంచి రాలుస్తుంది. కాస్త గాలి తగిలినా పొడి లేచిపోతుంది. తడి తాకిన ప్రతి రేణువూ తన ఇష్టం వచ్చినట్టు విచ్చుకుంటుంది. ఏ రెండు కార్డులూ ఒక్క తీరుగా రావు. పక్క కొట్టంలో బర్రెలు అరిచినా ఆమె తల తిప్పదు. పెదవులు బిగించి ఆ విచ్చుకోవడాన్నే చూస్తుంటుంది.

రంజానుకు ముందు, ఆమె దగ్గర ఈద్ కార్డులు కొనే దుకాణదారు మొహియుద్దీన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏంది సక్కుబాయీ ఈ లొల్లి? ఒకటి మబ్బు లెక్క, ఒకటి మంట లెక్క! గిరాకీలు నవ్వుతున్నరు. ఇగ బ్రష్ పట్టు. అన్నీ సాదా ఆకుపచ్చనే ఉండాలె. లేకుంటే నీ పని బంద్." ఆమె తల వంచి కార్డు మీద చిటికెడు పొడి రాల్చింది. ఒప్పుకుందనుకొని అతను తృప్తిగా గడ్డం నిమురుకున్నాడు. పొడి కుదురుకున్నాక ఆమె తలెత్తింది. "బ్రష్ పట్ట, భాయ్. గోడలకు సున్నం కొట్టేటోళ్లు మస్తుగున్నరు, వాళ్లను పిలుస్కో. నా కార్డులు ఈ గుమ్మానికే ఏలాడదీసి అమ్ముకుంట."

"గింత పొగరా?"

"ఉంటే ఉండనీ. జర నోరు మూస్కో, రంగు ఎగుర్తది."

ఆమె మంటరంగు పొట్లమే విప్పి చెయ్యి పైకెత్తింది. ఇంకేదో అనబోయిన మొహియుద్దీన్, తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు.