బొరుగును తూచిన తక్కెడ

నిన్న ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రల పొట్లం ఇంకా నా ఒళ్లోనే ఉంది. విప్పితే తడిసిన సున్నం గోడలాంటి వాసన, చేదుగా ముక్కు వెనక్కి పోయి కూర్చునే వాసన. నాకు చదువు సంతకం వరకే, నేను చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు. కానీ ఈ వాసన ఎక్కడిదో నాకు ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు. అది మా బొరుగు మూతి వాసన.

బొరుగు అంటే మా చెవులపిల్లి, తెల్లటి సీమ కుందేలు. మా నాయన సత్యవేడు సంతకు పోయి మేకపోతును కొనబోయి, బేరం కుదరక, వెదురు బుట్టలో దాన్ని పెట్టుకుని వచ్చాడు. అమ్మ తిట్టింది. నేను ఎత్తుకుంటే చేతుల నిండా బొచ్చే గానీ బరువే లేదు, అచ్చం మరమరాల సంచి, మా వైపు మాటలో బొరుగుల సంచి. అందుకే ఆ పేరు పెట్టాను.

చంద్రగిరి పక్కన మా ఊరు. ఎండలు ముదిరేసరికి మా వీధి వీధంతా పుల్లగా అయిపోయేది. షావుకారు బండిలో చింతకాయ దించిపోతే, ఆడవాళ్లు ఇంటి ముందర కాళ్లు చాపుకుని, పెచ్చు కొట్టి, నార లాగి, గింజ తీసి, చేతులు నల్లబారి వేళ్ల సందులు మండుతున్నా పాటకు పాట అందుకుంటూ పొద్దు గూకేదాకా కొట్టేవాళ్లు. గింజలన్నీ మా పిల్లల ఆస్తి. అరగదీసి అష్టాచెమ్మా ఆడేవాళ్లం, వేయించి నానబెట్టి బుగ్గన పెట్టుకుని పొద్దంతా నమిలేవాళ్లం. గంగ జాతర వచ్చేదాకా ఇదే పని. జాతర నాడు మాత్రం చేతులు కడుక్కుని, రాగి అంబలిలో ఎర్రగడ్డ నంజుకుని, వేపాకు తోరణాల కింద తిరిగేవాళ్లం.

మా దూలానికి ఇనుప తక్కెడ ఒకటి వేలాడేది, అమ్మది. షావుకారు తూకాన్ని ఆమె నమ్మేది కాదు. తడి పండు చిన్న కుప్పైనా బరువు లాగుతుంది, ఎండినది కొండలా కనిపించినా తేలిపోతుంది, కాబట్టి కళ్లను నమ్మొద్దనేది. బెల్లం తూచేది, గుమ్మడికాయ తూచేది, మాకు జ్వరమొచ్చి తగ్గితే మమ్మల్ని కూడా పళ్లెంలో కూర్చోబెట్టి తూచేది.

నాకు పదేళ్లుండొచ్చు. బొరుగుకు తుమ్ములు పట్టుకున్నాయి, ముక్కు కారి మూతి బొచ్చంతా అట్టకట్టింది. నాయన, నేను పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. కొత్తగా వచ్చిన డాక్టరు ఒక ఎద్దు గిట్ట చూస్తూనే ఇటు తల తిప్పి, మేకపిల్లంత ఉందని చెప్పి మాత్రలిచ్చాడు. పొడి చేసి నీళ్లలో కలిపి పొద్దునా సాయంత్రం పోయమన్నాడు. నేను చిన్నప్పుడు పాలు తాగిన ఉగ్గుగిన్నెతోనే పోశాం, మూతి బొచ్చంతా ఆ తడి సున్నం వాసనే పట్టేసింది. తెల్లారేసరికి బొరుగు గరిక ముట్టలేదు. మునగాకు పెడితే మొహం తిప్పుకుంది. దాని కింద గోనెపట్టా తడిసి కంపు కొడుతోంది, ఎత్తితే తల వాల్చేసింది.

పొద్దుటి మందు నేను పోయనివ్వలేదు. డాక్టరు మాట కాదంటావా అని నాయన చెయ్యెత్తాడు. అమ్మ మాత్రం లేచి దూలం నుంచి తక్కెడ దించి, రాళ్లతో సహా నా భుజాన వేసింది.

ఆసుపత్రిలో డాక్టరు ముందు నిలబడి అడిగాను.

“నిన్న మందు ఏ లెక్కన ఇచ్చినావు సారూ?”

“మేకపిల్ల లెక్కన.”

“తూచకుండానే?”

నాయన నా జడ పట్టి లాగాడు. “నోరు ముయ్ మే. డాక్టరుకే లెక్క చెప్తావా?”

“చెప్పలేదు నాయనా. అడగతాండా.”

“రోజూ ఎన్ని గొడ్లను చూస్తాను పాపా,” అన్నాడు డాక్టరు. “ఒక్కదాన్నైనా తక్కెడ ఎక్కించినానా?”

“గొడ్డు ఎక్కదు సారూ. ఇది ఎక్కుతాది.”

“మందు ఆపితే చస్తాది. తర్వాత నన్ను అడగొద్దు.”

“చచ్చినాక అడిగితే ఏం లాభం? అందుకే ఇప్పుడే అడగతాండా.”

ఎద్దులను కదలకుండా నిలబెట్టే కొయ్య చట్రానికి తక్కెడ తగిలించాను. బొరుగును పళ్లెంలో పెడితే చెవులు అంచు మీదుగా కిందికి వేలాడాయి. గొడ్లు తోలుకొచ్చిన వాళ్లు చుట్టూ మూగి, “కిలో ఎంతబ్బా? కూరకేనా?” అని నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. రెండు కిలోల రాయి పెడితే బొరుగు గాల్లోకి లేచిపోయింది. అది తీసేసి కిలో రాయి పెట్టాక గానీ ముల్లు నిలబడలేదు.

మేకపిల్ల బరువులో సగం కూడా లేదు. డాక్టరు దగ్గరికొచ్చి మొదటిసారి బొచ్చులోకి వేళ్లు పెట్టి ఎముకలు తడిమాడు. “సాయంత్రం మందు పొయ్యొద్దు,” అన్నాడు. “నాకు చదువు చెప్పిన ఆయన తిరుపతిలో ఉండాడు. అడిగొస్తా.”

దీపాలు పెట్టేవేళకు సైకిలేసుకుని మా ఇంటికే వచ్చాడు. నాయన కంగారుగా చాప పరిచాడు.

“తూకం సంగతి సగమే పాపా,” అన్నాడు డాక్టరు. “ఆ మందు ఎంత తగ్గించినా వీటికి నోట్లో పోయకూడదంట. మేత అరిగించే కంటికి కనపడని పురుగులు వీటి కడుపులో ఉంటాయి. వాటిని చంపేస్తాదంట.” నవ్వాడు. “అంటే నువ్వు చెప్పింది కూడా తప్పే.”

“నేను యాడ చెప్పినాను సారూ? అడిగినాను.”

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన వేరే మందు తూకం ప్రకారం సూదితో వేశాడు, మళ్లీ మళ్లీ వచ్చి చూశాడు. మేము గంజి తేట చుక్క చుక్కగా పట్టాం. బతుకుతుందని ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒక తెల్లవారుజామున చింతపండు గంపల వెనక నుంచి కరకరమని గరిక నమిలే చప్పుడు వినిపించింది. నేను లేవలేదు, పడుకునే విన్నాను. ఊళ్లో మాత్రం నాయన ఆ ప్రశ్న తానే అడిగినట్టు చెప్పుకున్నాడు.

ఎన్నో ఏళ్ల తర్వాత నా మొగుడు ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు కూడా ప్రతి సూదికీ అడిగాను. నర్సులు నన్ను నోటిదురుసు మనిషన్నారు. ఆయన దక్కలేదు. నేను అడగడం వల్ల మాత్రం పోలేదు, అది నాకు తెలుసు.

ఇప్పుడు మా వీధిలో చింతకాయ కొట్టేవాళ్లు లేరు. పండు ప్లాస్టిక్ పొట్లాల్లో వస్తోంది, వాసన కూడా లోపలే బిగించేశారు. అమ్మ తక్కెడ పాత ఇనుముకు పోయింది. ఆసుపత్రిలో మనుషుల్ని తూచే యంత్రం ఉంది, ఎక్కితే ఎర్రంకెలు వెలుగుతాయంట. నిన్న దాని మీద ఎవరిదో కూరగాయల సంచి పెట్టి ఉంది. ఎవరూ తీయలేదు. డాక్టరు నన్ను తూచకుండానే, మొహం చూసి మాత్రలు రాశాడు.

వాటిని నేను మింగలేదు. రేపు పోతాను. ఆ సంచి తీసి కింద పెట్టి, నేనే ఎక్కి నిలబడతాను. డాక్టరు లేచి వచ్చి చూసేదాకా దిగను.