వారం ముందు తేదీ

మా బళ్లో సైన్సు టీచరుకి పిల్లలు పెట్టిన పేరు ‘వారం ముందు’. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసీ నవ్వుకునేది. నేను పక్క గదిలో లెక్కలు చెబుతాను. రెండు గదుల మధ్య గోడ పైకప్పు దాకా లేదు కాబట్టి ఆవిడ పాఠం నాకూ, నా కేకలు ఆవిడకీ వినబడుతూనే ఉంటాయి.

పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. ప్రాజెక్టు ఇచ్చింది మొదలు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారు. చివరి రోజున ఒకడికి జ్వరం, ఇంకొకడికి అట్ట దొరకలేదు, మరొకడి బొమ్మ మీద చెల్లెలు నీళ్లు ఒలకబోసింది. నేనైతే గుమ్మం బయట నిలబెడతాను. ఆవిడకి అంత మనసు రాదు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. పైనుంచి వచ్చిన తేదీ కంటే వారం ముందు తేదీ చెప్పి, “ఇదే ఆఖరు, దాటితే సున్నా” అని బల్ల గుద్దేది. తీరా ఆ రోజు వాళ్లు మొహాలు వేలాడేసుకుని నిలబడితే, జాలిపడ్డట్టు నటించి “సరే, ఇంకో వారం” అనేది. అసలు తేదీకి అందరివీ అందేవి.

కానీ తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. పై తరగతి వాళ్లు కింది తరగతి వాళ్లకి పాత పుస్తకాలతో పాటు ఆ రహస్యాన్నీ అప్పజెప్పి పోయేవారు: టీచర్ చెప్పిన తేదీకి వారం కలుపుకోండి.

“ఇది మంచి అలవాటు కాదు టీచర్‌గారూ, ఎప్పుడో కొంప ముంచుతుంది” అన్నాను ఒకసారి.

“మీలా అరవడం నాకు చేతకాదు మాస్టారూ. పిల్లల పని అయితే చాలదా?” అంది.

నాకు ఒళ్లు మండింది. విసురుగా నా గదిలోకి వెళ్లిపోయాను.

ఆ ఏడాది ఆవిడ చెల్లెలి కూతురు ఆవిడ తరగతికే వచ్చింది. తల్లి ఉద్యోగం పొరుగూళ్లో కావడంతో పిల్ల చిన్నప్పటి నుంచీ పెద్దమ్మ దగ్గరే పెరిగింది. నర్సు కావాలని దాని పట్టుదల. ఆ సీటుకి ప్రాజెక్టు మార్కులు కూడా కలుపుతారు. బడి తెరవగానే ఎవరి తల్లో గేటు దగ్గర “ఇంట్లోనే టీచరుంటే మార్కులకేం కొదవ” అని అందరికీ వినబడేలా అంది. టీచర్ అభిమానం గల మనిషి కదా, ఇంట్లో బడి మాట ఎత్తకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

సరిగ్గా అదే ఏడాది పైవాళ్లు పద్ధతి మార్చారు. మార్కులు కంప్యూటర్లో ఎక్కించాలి, శుక్రవారం సాయంత్రంతో అది మూసుకుపోతుంది. గడువు కూడా ఎప్పటికంటే ముందే పడింది, ఆవిడ చేతిలో దాచుకోవడానికి అదనపు వారం లేదు. ఆవిడ తరగతిలో మొత్తుకోవడం గోడ మీంచి విన్నాను.

“శుక్రవారమే ఆఖరు. ఈసారి నిజంగానే చెబుతున్నాను రా!”

పిల్లలు “అలాగే టీచర్” అని రాగం తీశారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రతి ఏడాదీ ఆవిడ ‘ఈసారి నిజం’ అనే చెప్పింది మరి. నిజం చెప్పడానికి ఆవిడ దగ్గర వేరే మాటేదీ మిగల్లేదు.

ఇంటి వెనక వసారాలో పిల్ల తన ప్రాజెక్టు కోసం నీళ్లు వడకట్టే సీసా తయారు చేస్తోంది. అడుగు కోసిన సీసాలో దూది, బొగ్గు, ఇసుక. నీళ్లు ఇంకా మురికిగానే దిగుతున్నాయని ఇసుక మళ్లీ కడిగి ఆరబోసింది. గురువారం పెద్దమ్మ ఆ పక్క నుంచే నడిచి వెళ్లింది. తరగతిలో విన్నది కదా, రాత్రికి ముగిస్తుందిలే అనుకుంది. ఒట్టు గుర్తొచ్చి నోరు మూసుకున్నానని తర్వాత నాతో అంది.

శుక్రవారం ఇచ్చింది ఐదారుగురు. ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చున్న ఆవిడతో, “చూసినట్టే వేసెయ్యండి, లోకమంతా చేసేదదే” అన్నాను.

“అందరికీ దొంగ మార్కులు వెయ్యలేను మాస్టారూ. మా పిల్ల ఒక్కదానికే అయితే అసలు వెయ్యలేను” అని వరసగా సున్నాలు నొక్కుతూ పోయింది. మర్నాడు తరగతిలో సున్నాలు వేశానని చెబితే పిల్లలు నవ్వారు. వాళ్ల దృష్టిలో ఇంకా వారం ఉంది.

పరీక్షలయ్యాక వచ్చిన నర్సింగు సీట్ల జాబితాలో పిల్ల పేరు లేదు. ఆ సున్నా లేకపోతే ఉండేది. పలకరిద్దామని వాళ్లింటికి వెళ్లాను. పిల్ల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆవిడ పక్కనే నిలబడి ఉంది.

“తరగతిలో చెప్పాను కదే, ఈసారి నిజమని?”

“తరగతిలో ఎప్పుడూ అలాగే చెప్తావుగా.”

“మరి ఇంట్లో చెబితే మాత్రం నమ్మేదానివా?”

పిల్ల ఇటు తిరిగింది. కోపంగా కూడా లేదు.

“నమ్మేదాన్ని పెద్దమ్మా. ఇంట్లో నువ్వెప్పుడూ నాకు అబద్ధం చెప్పలేదుగా.”

ఆవిడ నా వైపు చూసింది, నేనేదైనా అంటానేమోనని. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను.